పేరు పెట్టినవారు దగ్గర నుండవలెను



కుక్కను గూర్చి ప్రసంగమేమిటని కొందరు నవ్వవచ్చును. నవ్వనియ్యండి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి వచ్చి చెన్నైలో స్థిరపడిన మన కుటుంబములలో అనేకుల పిల్లలు ఇప్పుడు విదేశములలో ఉన్నారు. చదువుకొను దినములలో వారు ముచ్చటపడి తెచ్చిన కుక్కపిల్ల మాత్రము ఇక్కడ తల్లిదండ్రుల యొద్దనే ముసలిదైనది. ఒకనాడు దానిని ఆటోలో వేపేరికి, 1903లో ప్రారంభమైన మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. మూత్రపిండములు చెడిపోయినవి, ఇక బాగుపడదు, బాధ లేకుండ నిద్రపుచ్చుట మేలు అని డాక్టరుగారు చెప్పుదురు. అప్పుడు వారు సంఘపెద్దలమైన మమ్మును అడుగు ప్రశ్న ఒక్కటే: "బ్రదర్, ఇది పాపమా?"

ఆరవ ఆజ్ఞ నరహత్యను గూర్చినది. పశువుల విషయములో దేవుడు మన చేతికి అధికారమిచ్చెను, దానికి లెక్కయు అడుగును. సామెతలు 12:10 చదివి చూడండి. తన వాకిట నున్న మూగజీవి ప్రాణము ఎట్లున్నదో ఎరిగినవాడే అక్కడ నీతిమంతుడు. మందు వేసినను నొప్పి తగ్గక, లేచి నిలువలేక, మెతుకు ముట్టక, పడుకొన్నప్పుడు సహితము ఎగశ్వాస తీయుచున్న ప్రాణిని ఇంకను పది దినములు నిలుపుకొనుట ఎవరికొరకు? వైద్యుడు ఆశ లేదని చెప్పిన తరువాత దాని బాధ తీర్చుట కనికరమే. దీనిని మనుష్యుల పడక యొద్దకు తీసికొనిపోవద్దు, అది వేరు సంగతి.

కొత్త ఫ్లాటులో కుక్కను రానియ్యరనియో, కుమారుని యొద్దకు ఆరు నెలలు వెళ్లవలెననియో సూది వేయించుట మాత్రము కనికరము కాదు. ముసలితనము రోగము కాదు. బీచిలో విడిచి వచ్చుదమనుకొనువారు, కారణము లేక జంతువును దిక్కులేకుండ వదలుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరమని తెలిసికొందురు గాక.

అయితే మేము ముఖ్యముగా చెప్పదలచినది ఆ చివరి గడియను గూర్చి. "నేను చూడలేను" అని కుక్కను డ్రైవరు చేతికిచ్చి ఇంట కూర్చుండువారున్నారు. వారి దుఃఖము నిజమైనదే. కాని ఆ బల్లమీద పడుకొన్న ప్రాణి తలుపు వైపు చూచుచుండును గదా! ఆదికాండము 2:19లో దేవుడు జంతువులను ఆదాము నొద్దకు తెచ్చి, అతడు వాటికి ఏమి పేరు పెట్టునో చూచెను. మీ కుక్కకు పేరు పెట్టినది మీరు. పన్నెండేండ్లు ఆ పేరుకు తోక ఊపుచు పరుగెత్తి వచ్చినది. చివరిగా ఆ పేరు పిలువవలసినది కూడ మీరే. సంఖ్యాకాండము 22లో బిలాము గాడిద, ఇన్ని దినములు నిన్ను మోసితిని గదా అని యజమానుని నిలదీసెను. మన కుక్కలకు అట్లు నోరు తెరువబడదు, కనుక మనమే ఆలోచింపవలెను.

"కుక్కే గదా" అను మాట సంఘములో వినబడరాదు. నాతాను ప్రవక్త చెప్పిన బీదవాని గొఱ్ఱెపిల్ల (2 సమూయేలు 12) అతని కంచములో తిని, గిన్నెలో త్రాగి, కౌగిట పండుకొని కూతురివలె నుండెను. ఎన్నో యుద్ధములు చూచిన దావీదు ఆ మాట విని మండిపడెను గాని, గొఱ్ఱెపిల్లే గదా అనలేదు.

ముందు రాత్రి విదేశములోని పిల్లలకు ఫోను చేయండి. ఫోను దాని చెవి దగ్గర పెట్టండి, ఆ గొంతు దానికి తెలియును. తినగలిగినయెడల ఇష్టమైన పెరుగన్నము రెండు ముద్దలు పెట్టండి. అది పండుకొను పాత దుప్పటి వెంట తీసికొనిపోండి. ఇంటికి వచ్చు డాక్టరు దొరికిన మరీ మంచిది. సాధారణముగా మొదట మత్తు ఇత్తురు. తరువాత మత్తుమందే అధిక మోతాదులో నరములోనికి ఎక్కింతురు. కొద్ది నిమిషములలో శ్వాస, గుండె ఆగును. కన్నులు మూతపడకపోవచ్చును, ఒకటి రెండు మారులు ఎగశ్వాస రావచ్చును, మూత్రము పోవచ్చును. అప్పటికి దానికి స్పృహ లేదు, నొప్పియు లేదు. డాక్టరుగారు స్టెతస్కోపు తీయువరకు తలమీద చేయి ఉంచి పేరుతో పిలుచుచుండండి. అక్కడే దేవునికి కృతజ్ఞత చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇంట చిన్నపిల్లలున్నయెడల, ఊరికి పంపితిమని అబద్ధమాడవద్దు. నిద్రపోయినదని మాత్రమే చెప్పిన, కొందరు పిల్లలు రాత్రి పండుకొనుటకే భయపడుదురు. చనిపోయినదని చెప్పండి. "పరలోకములో ఉంటుందా?" అని అడుగుదురు. వ్రాయబడని దానిని వాగ్దానము చేయకండి. అయితే రోమా 8:19-22లో సృష్టి యావత్తు మూలుగుచు విడుదలకొరకు కనిపెట్టుచున్నదని ఉన్నది. జాన్ వెస్లీ 18వ శతాబ్దములో ఈ వచనములమీదనే ప్రసంగించి, ఆ విడుదలలో జంతువులకును పాలున్నదని నిరీక్షించెను. తండ్రికి తెలియకుండ పిచ్చుకయు నేల పడదని ప్రభువే చెప్పెను (మత్తయి 10:29). పిల్లలకు అంతవరకు చెప్పవచ్చును.

ఆ వారము స్త్రీల సమాజపువారు, పెద్దలు ఆ యింటికి వెళ్లండి. వెంటనే మరియొక కుక్కపిల్లను కొనుడని సలహా ఇయ్యవద్దు. గేటు తీసినను మొరుగుడు వినబడదు, మేకుకు గొలుసు వ్రేలాడుచుండును. కూర్చుండి, వారిచ్చు కాఫీ త్రాగి, అది ఎట్లుండెడిదో వారిని చెప్పనియ్యండి.