ఈ గంట ఎవరిది?

కాలం విలువైనదని చెప్పని మాస్టారంటూ లేడు. అయితే అది ఎవరి కాలమన్నది మాత్రం నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. చెరుకు బండి కింద కూర్చుని నేర్చుకున్నాను.

మాది బోధన్ పక్కన ఊరు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మాకు నీళ్లిచ్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ మాకు గడియారమిచ్చింది. సైరన్ కూస్తే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. డిగ్రీ కోసం నిజామాబాద్ పోయి గది తీసుకున్నాను. అక్కడ సైరన్ లేదు గనుక టైంటేబుల్ వేసుకున్నాను. ఎర్ర సిరా, పచ్చ సిరా, స్కేలు పెట్టి గీతలు. గీయడానికే మూడు రోజులు పట్టింది. మైదాపిండి ఉడికించి గోడకు అంటించాను. తెల్లవారుజామున నాలుగింటికి ఎకనామిక్స్ అని ఉండేది అందులో. పాపం, గోడ మీది కాగితం ఒక్కటే ఆ వేళకు మేలుకుని ఉండేది!

ఒక శనివారం మ్యాట్నీ చూసి సాయంత్రం బస్సుకు బోధన్ చేరాను. క్రషింగ్ సీజను. కాంటా దగ్గర బండ్ల వరుసలో అన్న ఉన్నాడు. ఇద్దరినీ చదివించే స్తోమత నాయనకు లేక, ఎనిమిదిలోనే బడి మానినవాడు. బండి కింద గోనెపట్టా పరిచి, సద్ది మూట విప్పి సగం నాకు పెట్టాడు.

"ఇయ్యాల ఏం జదివినవ్ రా తమ్మీ?"

"ఎకనామిక్స్."

"అండ్ల ఏముంటది? జెర నాకు గూడ జెప్పు."

నోట మాట రాలేదు. "నీకు సమజ్ గాదులే అన్నా" అని తప్పించుకున్నాను. అన్న నొచ్చుకోలేదు. నిజమే కాబోలనుకున్నాడు. నన్ను అదే ఎక్కువ బాధపెట్టింది.

చలికి వణుకుతూ, రేపు పొద్దున తేరాదా అన్నాను. "కొట్టినంక చెరుకు ఆగదు రా. ఎండితే తూకం పోతది, తీపి పోతది" అన్నాడు. కోసిన గడలో నీరు ఆరిపోతుంది, చక్కెర విరిగిపోతుంది. విన్న పాఠం కూడా అంతేనట. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాలు బట్టీపట్టి, తన మీదనే పరీక్షలు చేసుకుని, మరపు మొదటి గంటల్లోనే ఎక్కువని 1885లో రాశాడు. ఆయన పేరు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అన్న మాట మాత్రం సోమవారం నుంచే పనిచేసింది. టైంటేబుల్ చింపేశాను. గదికి రాగానే, అన్నం తినకముందే, పుస్తకం మూసి ఆనాటి పాఠాన్ని పది వాక్యాల్లో రాసేవాణ్ణి, అన్నకు చెబుతున్నట్టు.

అయితే విద్యార్థి ప్రతి గంటా అప్పేనా, సినిమా చూడడం పాపమా అంటారా? నేననను. బండి కింద అన్నా నిద్రపోయేవాడు, పక్క బండివాళ్లతో పరాచికాలాడేవాడు. అవి దాచాల్సిన పనులు కావు. మన చదువు కోసం పాటుపడేవాళ్లకు చెప్పుకోగలిగింది విశ్రాంతి. దాచిపెట్టాల్సి వచ్చింది వృథా. నాకు తెలిసిన కొలత ఇదొక్కటే.

2015లో ఫ్యాక్టరీ మూతపడింది. సైరన్ లేని ఊళ్లో అన్న అరుగు మీద కూర్చుని ఉంటే, ఈమధ్య ఆ శనివారం సంగతి చెప్పేశాను. అన్న నవ్వాడు.

"పోనీ, సినిమా కథన్న జెప్పు."

ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. చూసిన రోజున ఎవరికైనా చెప్పి ఉంటే కదా!