తెలిసికొనుటకై చంపవలెనా?

జ్ఞానము పవిత్రమైనదనుటలో సందేహము లేదు. దానిని సంపాదించు మార్గముకూడ పవిత్రముగా ఉండవలదా? ఈ పాత ప్రశ్న నేడు ఒక చేప మూలమున శాస్త్రజ్ఞుల యెదుట నిలిచినది.

చేప తలలో, చెవి భాగమున, సున్నపు పదార్థముతో ఏర్పడిన చిన్న రాళ్లుండును. వినుటకును, నీటిలో తూలక నిలుచుటకును అవి చేపకు తోడ్పడును. చేప పెరిగినకొలది వాటిపై పొరమీద పొర చేరును. ఆయా కాలములందు అది ఈదిన నీటిలోని స్ట్రాన్షియము, బేరియము వంటివి ఆ పొరలలో లేశమాత్రముగా నిలిచిపోవును. నదులు పారు నేలను, రాళ్లను బట్టి వాటి నీటి గుణము మారును. కావున ఈ పొరలను పరీక్షించి, చేప ఎచట పుట్టినది, ఏ నీటికి తరలినది చాలవరకు చెప్పవచ్చును. వర్తకుని చిట్టాలో ఏనాటి పద్దు ఆనాడే పడినట్లు, దాని జీవితయాత్ర అందు నమోదై యుండును. కాని ఆ చిట్టా విప్పవలెనన్న చేపను చంపవలెను.

ఇంతకును ఈ పరిశోధన ఎందులకు? ఏ చేపలు ఏ నదికి చెందినవో తెలిసినగాని వాటి నెలవులను కాపాడుట కష్టము. కాపాడుటకై తెలిసికొనుట, తెలిసికొనుటకై చంపుట! తగ్గిపోవుచున్న జాతి విషయమున ఇది మరింత విపరీతము.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నదులలో ఆర్కిటిక్ గ్రేలింగ్ అను చేప కలదు. 2007లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో దాని చెవిరాతిని, రెక్కలోని ఎముక పుల్లను, పొలుసును పోల్చి చూచిరి. ముఖ్యముగా స్ట్రాన్షియము విషయమున, రెక్కపుల్ల చెవిరాతికి సరిపోలు సాక్ష్యమిచ్చునని తేలినది. రెక్కనుండి చిన్న ముక్క కత్తిరించి చేపను తిరిగి నీట విడువవచ్చును. బస్తాను కోయక, ఇనుప గొట్టముతో గుప్పెడు గింజలు తీసి సరకు చూచుట వంటిదిది.

అయితే దీనికిని వెల కలదు. రెక్కపుల్ల సజీవమైన ఎముక. అందలి పాత పద్దులు కొంత చెరుగవచ్చును. ఊడిన పొలుసు స్థానమున మొలచిన క్రొత్త పొలుసులో బాల్యపు చరిత్ర ఉండదు. ఈ లోటును ఎవరు భరింపవలెను? తెలిసికొనగోరినవాడా, చేపయా? కోరిక ఎవరిదో నష్టము వారిదే కావలెననుట న్యాయము. కొంత మసకబారిన జ్ఞానముతో తృప్తిపడుటయు ఒక విధమైన పరిగ్రహ పరిమాణమే.

చేప పంచేంద్రియ జీవి. ప్రమాదము వలన, అనగా ఏమరుపాటు వలన, కలుగు ప్రాణహానిని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింస యనెను. వేరుమార్గము తెలియనప్పటి వధ ఒకటి. తెలిసిన పిదపకూడ అలవాటుచొప్పున సాగించు వధ మరియొకటి. రెండవదానికి సాకు లేదు. రెక్క కత్తిరించుటయు బాధయే; దానిని నిర్దోషమనరాదు. అల్పదోషమని మాత్రమే అనవచ్చును. అవసరమునకు మించి ఒక్క చేపనైనను పట్టరాదు.

మరియొక మాట మరువరాదు. ఆ పోలిక చూచుటకే కొన్ని చేపలు ప్రాణము లీయవలసి వచ్చినది. అది శాస్త్రము తీసికొన్న అప్పు. రెక్కపుల్ల చాలునన్నచోట చెవిరాతికై చేయి చాపకుండుటయే ఆ అప్పు తీర్చు మార్గము. మార్గము తెలిసియు చంపినచో, ముందు చచ్చిన చేపల ప్రాణములుకూడ వ్యర్థమైనట్లే.