శిఖరముల లెక్క

పర్వతము నెక్కువారిలో రెండు తెగలవారు గలరు. కొండపై గల ప్రీతిచే నెక్కువారు కొందరు. పట్టికలోని పేరున కెదురుగా గుర్తు పెట్టుకొనుటకై యెక్కువారు మరికొందరు. మొదటివా రుత్తములనియు, రెండవవా రధములనియు తీర్పు చెప్పుట సులభము. కాని పుణ్యకార్యములను సైతము లెక్కపెట్టుకొను జాతి మనది. రామకోటి వ్రాయువారు పుటకు నామము లిన్నియని లెక్క వేసికొందురు. జపము చేయువారు పూసలు త్రిప్పుదురు. ప్రదక్షిణములు నూటయెనిమిది యని మ్రొక్కుకొందురు. సంఖ్య భక్తికి శత్రువని మన పెద్దలు తలపలేదు. చంచలమైన మనస్సున కది కట్టుకొయ్య యని తలచిరి. కావున లెక్క యెంతవరకు సాధనము, ఎచ్చట నది యజమాని యగును అనునదియే విచారింపదగిన విషయము.

ఇందులకు స్కాట్లండు కొండలు మంచి యుదాహరణము. 1891వ సంవత్సరమున సర్ హ్యూ మన్రో యను నతడు ఆ దేశమున మూడువేల అడుగులకు, అనగా 914 మీటర్లకు, మించిన శిఖరముల పట్టిక నొకదానిని కూర్చి, స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్బువారి పత్రికలో ప్రకటించెను. నాటినుండి వానికి మన్రోలనియే పేరు. నేటి పట్టికలో నవి 282. హిమాలయముల మాట వినిన మన కవి గుట్టలుగా దోచును. వానిలో నెల్ల నున్నతమైన బెన్ నెవిస్ 1345 మీటర్లు మాత్రమే. అయినను వాని నన్నిటిని ముగించుటకై తమ సెలవుదినముల నన్నిటిని ధారపోయువారు వేలకొలది గలరు.

ఈ పట్టికను మొదట ముగించినవాడు రాబర్ట్‌సన్ అను మతాచార్యుడని, అది 1901లో జరిగినదని ప్రసిద్ధి. బెన్ వైవిస్ అను కొండ కొన నాతడు ముట్టినట్లు ఆధారము కానరాదని తరువాతివారు శంకించిరి. ఇక మన్రో సంగతి మరియు వింత. స్కై ద్వీపమునందలి దుర్గమమైన శిలాశూలము మొదలగునవి మిగిలియుండగనే 1919లో నాతడు మరణించెను. పట్టికను వ్రాసినవానికే పట్టిక పూర్తి కాలేదు. అంతమాత్రమున నాతని జీవితము వెలితిపడినదని యెవరును తలపరు.

వేసవిలో నీ లెక్క వినోదమే. శీతకాలమున నిది ధర్మపరీక్ష యగును. డిసెంబరు మాసమున నా యుత్తరభూములలో పగలు ఏడు గంటల కాలమైన నుండదు. నేలపై హిమము, పైని మబ్బు ఏకమై, భూమ్యాకాశములకు నడుమ గీటు చెరిగిపోవును. కొండకొమ్ము చివర హిమము ఇంటి చూరువలె ముందునకు సాగి వ్రేలాడుచుండును. దానిపై నడుగిడినవాడు నేల యనుకొని గాలిపై నిలిచినవాడు. మంచుగొడ్డలియు, పాదరక్షలకు బిగించుకొను ఇనుపముండ్లును లేక యడుగు సాగదు. బెన్ నెవిస్ కొననుండి మబ్బులో దిగువారు దిక్సూచి చూపిన దారిని, తమ యడుగులను తామే లెక్కించుకొనుచు నడువవలసినదే, ప్రక్కనే యగాధము. అచట ప్రాణము గాచునదియు లెక్కయే. ఒక లెక్క పైకి లాగును, ఒక లెక్క యింటికి జేర్చును. రెంటికిని వైరము వచ్చినపుడు ఏది మాన్యమో తెలియుటయే వివేకము.

"ప్రాణము వానిది, పోగొట్టుకొనిన మనకేమి?" అని కొంద రడుగవచ్చును. ప్రాణము వానిదే కావచ్చును గాని, ఆపద వానిది మాత్రమే కాదు. స్కాట్లండు కొండలలో తప్పిపోయినవారిని వెదకుటకు రాత్రివేళ బయలుదేరువారిలో పెక్కుమంది జీతము లేని స్వచ్ఛందసేవకులు. వారికిని భార్యాబిడ్డలు గలరు. 2018 జనవరిలో నంగాపర్బతముపై ఎలిజబెత్ రెవోల్, తోమెక్ మాకియెవిచ్ అను నిరువురు చిక్కుకొనిరి. అప్పటికి శీతకాలమున నెవరును జయింపని కె-2 శిఖరమునకై వచ్చియున్న బృందమునుండి నలుగురు తమ పని విడిచి వారికొరకు వచ్చిరి. వారిలో ఆదామ్ బియెలెస్కి, దెనిస్ ఉరుబ్కో రాత్రియంతయు నెక్కి రెవోల్‌ను రక్షించిరి. మాకియెవిచ్ దక్కలేదు. ఆ రాత్రి యెక్కుడు ఏ శిఖరపు పట్టికలోను చేరదు.

అట్లని ఫలమును జూచి మనుష్యులను తూచరాదు. స్కాట్లండు మన్రోల నన్నిటిని 1984-85 నాటి యొక్క శీతకాలములోనే మొదట ముగించిన మార్టిన్ మోరాన్, 2019లో నందాదేవి తూర్పు శిఖరప్రాంతమున తన బృందముతో హిమపాతమునకు బలియయ్యెను. అతడు కొండల నెరుగనివాడు కాడు. ఇతరులకు దారి చూపుటయే వృత్తిగా గలవాడు. క్షేమముగా వచ్చిన ప్రతివాడును వివేకి కాడు. రానివాడెల్ల మూర్ఖుడును కాడు. ఆ ఘడియలో తనకు తెలిసినంతలో న్యాయముగా నిర్ణయించెనా యనియే యడుగదగును.

అట్టి నిర్ణయమున కొక దృష్టాంతము. 2016 ఫిబ్రవరి 26న ముగ్గురు నంగాపర్బత శిఖరమును శీతకాలమున మొట్టమొదట చేరిరి. వారితో నెక్కిన తమారా లుంగర్ అను నామె, కొన యింక డెబ్బది మీటర్ల దూరమున నుండగా, ఒడలు సహకరింపమిచే వెనుదిరిగెను. ఎనిమిదివేల మీటర్లు దాటిన కొండపై నా డెబ్బది మీటర్లెంత? కాని చరిత్రలో నా ముగ్గురి పేర్లే నిలిచినవి. పట్టికకు విజయము దెలియును, విరమణ తెలియదు. ఆ లోపమును పూరింపవలసినది మన బుద్ధియే.

ఇది మనకు దూరపు మాట కాదు. తెలంగాణమునందలి మాలావత్ పూర్ణ 2014లో పదుమూడవయేట ఎవరెస్టు నెక్కి, 2022 నాటికి ఏడు ఖండముల ఉన్నతశిఖరముల పట్టికను ముగించెను. ఆమెను జూచి మన బాలబాలికలు కొండలవైపు దృష్టి సారించుట సంతోషకరమే. కాని మనము బడినుండి వచ్చిన బిడ్డను "ఎన్ని మార్కులు?" అని తప్ప వేరొకటి యడుగనివారము. కొండనుండి వచ్చిన బిడ్డను "ఎన్ని యెక్కితివి?" అని యడుగుదము, తప్పు లేదు. దానితోపాటు "ఎచ్చట వెనుదిరిగితివి? ఏల?" అనియు నడుగుదము. ఆ రెండవ ప్రశ్న యడుగు వారింట నున్నారని యెరిగిన బిడ్డ, వెనుదిరుగవలసిన చోట సిగ్గుపడక వెనుదిరుగును.