ఎందుకూ పనికిరాని నడక

పని లేకుండా గడప దాటే అలవాటు మన ఆడవాళ్ళకి లేదు. గుడికెడితే పుణ్యం, బజారుకెడితే కూరలు, పేరంటానికెడితే పసుపూ కుంకుమలూ, ఆఖరికి ఆసుపత్రికెళ్ళినా ఓ మందుసీసా చేతిలో ఉండాలి. ఉత్త చేతులతో వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చామంటే ఇంటిల్లిపాదికీ అనుమానమే. "మరెందుకు వెళ్ళినట్టూ?" అంటారు. ఈమధ్య డాక్టర్లు నడవమంటున్నారు కనక నడకకి కాస్త మర్యాద వచ్చింది. కానీ చెప్పొద్దూ, అది నడక కాదు, షుగరు వ్యాధికి మందు. మాత్ర మింగినట్టే గడియారం చూసుకుంటూ నడుస్తాం. ఏ లాభమూ లేకుండా, ఏ రోగమూ తగ్గకుండా, ఊరికే ఓ చోటికెళ్ళి నాలుగడుగులు వేసి రావడం తప్పా, ఒప్పా?

గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ ప్రశ్న మరీ ఇబ్బంది పెడుతుంది. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలెట్టి 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశాడు. అప్పట్నుంచీ జానెడు నేల ఊరికే పడుంటే మాకు నిద్ర పట్టదు. వరి కోసిన చేలో మినుములు, గట్టు మీద కొబ్బరి, కొబ్బరి నీడన అరటి, కాలవ ఒడ్డున ఎవరిదో తెలియని గుమ్మడిపాదు. పల్లపు చేలు చేపల చెరువులై ఎన్నాళ్ళో అయింది. మా వైపు "ఖాళీ" అన్న మాట ఇంచుమించు తిట్టే. ఖాళీ మనిషి, ఖాళీ స్థలం, రెంటినీ ఒకే చూపు చూస్తాం.

అలాంటి సీమలో ఎవరూ దున్నని, ఎవరూ కోయని నేల ఒకటి మిగిలింది. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, గౌతమి గోదావరి సముద్రంలో కలిసే చోట, కొరంగి మడ అడవి. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సందర్శకుల కోసం చెట్ల మధ్య నుంచి చెక్కవంతెన లాంటి బాట వేశారు. బురద అంటకుండా, చీర తడవకుండా, ఎనభై దాటిన వాళ్ళు కూడా చెయ్యి పట్టుకుని నడవచ్చు. అలా పట్టుకునే మా అత్తయ్యగారిని తీసుకెళ్ళాను. మావారు కారు దగ్గరే ఉండిపోయారు, ఫోన్లో పనుంది కనక. చూశారా, ఆయనకీ పనుంది!

అడవి అనగానే మనకి నీడా, సెలయేరూ, పూలూ గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. చుట్టూ నీళ్ళే, అయినా నిజానికిది ఎడారి. ఆ నీళ్ళు ఉప్పన. తాగే ప్రతి చుక్కనీ చెట్టు వడకట్టుకోవాలి. దాహంతో ఉన్నవాణ్ణి సముద్రం మధ్య కూచోబెట్టినట్టు. అందుకే ఇక్కడి ఆకులు ఎడారి మొక్కల ఆకుల్లాగే దళసరిగా ఉంటాయి, పైన మైనం పూసినట్టు నున్నగా ఉంటాయి. దొరికిన తడిని పోనివ్వవు. మడచెట్టయితే లోపలికి పోయిన ఉప్పుని ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఎండవేళ చూస్తే ఆకు మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. బురదలో గాలాడదు కనక ఊపిరి కోసం వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి, వేలకి వేలు. ఉప్పు పొన్న సంగతి మరీ విచిత్రం. గింజ చెట్టున ఉండగానే మొలకెత్తుతుంది. ఆ మొలక పొడుగ్గా పెరిగాక బురదలోకి జారుతుంది. పిల్లని పెంచి పెద్ద చేసి అత్తవారింటికి పంపినట్టన్నమాట. (తిల్ల అనే చెట్టు కూడా ఉంటుందక్కడ. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆకులు తుంచే సరదా ఉన్నవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకు నడవడం మంచిది.)

వేళ్ళాడుతున్న ఆ మొలకల్ని చూసి అత్తయ్యగారు ఆగారు.

"ములక్కాడలా అమ్మాయ్?"

"కాదండీ, ఆ చెట్టు మొలకలు."

"కూరకి పనికిరావా?"

"రావండీ."

"పోనీ కలప?"

"ఒకప్పుడు వంటచెరుక్కి కొట్టేవారట. ఇప్పుడు కొట్టనివ్వరు."

"పూజకి?"

"ఎప్పుడూ వినలేదండీ."

"అయితే మరెందుకూ ఇవన్నీ?"

నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఉప్పెన వస్తే ఈ చెట్లు అల జోరుని తగ్గిస్తాయండీ, వెనకున్న ఊళ్ళకి అడ్డం నిలబడతాయండీ అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. "అదీ! అలా చెప్పు మరి," అన్నారు, దూరపు చుట్టాల కుర్రాడికి ఉద్యోగం వచ్చిందని విన్నట్టు.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఉప్పెన అంటే ఏమిటో కొరంగికి చెప్పనక్కరలేదు. ఒకప్పుడిది ఓడలు కట్టిన రేవు. ఇక్కణ్ణుంచి బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడ "కొరంగీలు" అనేంత పేరున్న రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి సముద్రం మీదికొచ్చి ఊడ్చేసింది. రెండోదాని తర్వాత రేవు మళ్ళీ కోలుకోలేదు. ఈ తీరపు తుపానుల్ని పరిశీలించిన పిడింగ్టన్ అనే ఆయన కలకత్తాలో కూచుని 1848లో "సైక్లోన్" అన్న మాట పుట్టించాడు. పాము చుట్టని పోలిన గ్రీకు మాటట. మనం ఏటా రేడియోలో, టీవీలో వింటూ వణికే ఆ మాటకి కొరంగితో అంత చుట్టరికం.

అయినా ఆ జవాబు నాకే ఎక్కడో గుచ్చుకుంది. మడ అడవుల గురించి ఈమధ్య ఏ కాగితం చదివినా ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులా ఉంటోంది. తుపానుల్ని ఆపును, చేపపిల్లలకీ రొయ్యపిల్లలకీ ఉయ్యాల అగును, గాలిలోని కర్బనాన్ని బురదలో దాచును, కాబట్టి దయచేసి నరకవద్దు. అన్నీ నిజాలే. కానీ ఒకనాడు దీన్ని నరికిందీ ఈ లెక్కతోనే కదా! పంటకి రాని బీడు అన్నారు, పొయ్యిలోకి కొట్టుకున్నారు. తొంభైల్లో రొయ్యల ధర పెరిగేసరికి తీరం పొడుగునా చెరువులు తవ్వారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని ఆ చెరువులకి హద్దులు పెట్టాల్సి వచ్చింది. తక్కెడ ఒకటే. అప్పుడు అడవి తేలిపోయింది, ఇప్పుడు మొగ్గింది. రేపెవరో ఇంతకంటే చవగ్గా అలల్ని ఆపే గోడ కడితే? అప్పుడా నీటికుక్కలూ, రాత్రిపూట చేపలు పట్టుకునే బావురు పిల్లులూ ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలి?

రెండువేల మూడొందల ఏళ్ళ క్రితం చైనాలో చువాంగ్ త్సు అనే తత్వవేత్త ఉండేవాడు. ఆయన పేర ఒక కథ ఉంది. శిష్యులతో కొండదారిన పోతుంటే ఓ మహావృక్షం కనిపించింది. పక్కనే ఉన్న కట్టెలు కొట్టేవాడు దాన్ని ముట్టుకోడం లేదు. ఎందుకని అడిగితే, ఎందుకూ పనికిరాదండీ అన్నాడు. పనికిరాకపోబట్టే ఈ చెట్టు ఇంతకాలం బతికింది చూశారా అని గురువుగారు మెచ్చుకున్నాడు. ఆ రాత్రి ఓ స్నేహితుడింట్లో బస. విందుకి పెద్దబాతుని కోయమన్నాడు ఇంటాయన. రెండున్నాయి, ఒకటి అరుస్తుంది, ఒకటి అరవదు, దేన్ని కొయ్యమంటారూ అని అడిగాడు పనివాడు. అరవనిదాన్నే అన్నాడాయన. మర్నాడు శిష్యుడు పట్టుకున్నాడు గురువుగార్ని. నిన్న చెట్టు పనికిరాక బతికింది, రాత్రి బాతు పనికిరాక చచ్చింది, మీరే పక్షమని. చువాంగ్ త్సు నవ్వి, రెంటికీ మధ్యన ఉంటానులే, అదీ అంత క్షేమం కాదులే అని ఇంకేదో పెద్ద వేదాంతంలోకి వెళ్ళిపోయాడు. నాకు ఆ వేదాంతం కంటే బాతే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఎందుకంటే మా ఇంట్లో వత్తులున్నాయి. అత్తయ్యగారు ఒకప్పుడు ఇరవైమందికి ఒంటిచేత్తో వండి వడ్డించిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, పొయ్యి దగ్గరికి మేం రానివ్వం. "మీరు కూచోండి అత్తయ్యగారూ" అంటాం, ప్రేమగానే. ఆవిడ కూచుంటారు. కూచుని పత్తి తీసుకుని వత్తులు చేస్తారు. పొద్దున్న మొదలెడితే సాయంత్రం దాకా అదే పని. రోజూ దీపానికి కావలసినవి రెండు. డబ్బాలు నిండాయి, సంచులు నిండాయి. ఓ రోజు మనవరాలు, "ఇన్నెందుకు నాన్నమ్మా?" అంది నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. "మరి నేనెందుకే?" అన్నారు.

ఆ మాటకి ఇంట్లో అందరం ఒక్కసారే మాట్లాడాం. మీరు లేకపోతే ఎలాగండీ, ఇంటికి పెద్దదిక్కు కదండీ, పిల్లలకి మంచీచెడూ ఎవరు చెబుతారండీ అని. ఇప్పుడు ఆలోచిస్తే అదీ దరఖాస్తే, ఆవిడ తరఫున మేం రాసింది. మీరూ పనికొస్తారు సుమండీ అని. ఆవిడకి పొద్దుపోవడానికో పనుందని తేల్చాం గానీ, పని లేకపోయినా మీరుంటే చాలునని ఒక్కరి నోటా రాలేదు. ఆ మాట ఎలా అంటారో మనకి ఎవరూ నేర్పలేదనుకుంటాను. ఫలం ఆశించవద్దని గీత చెప్పింది గానీ, పని మానమని అదీ చెప్పలేదాయె!

ఆడదాన్ని చెట్టుతోనూ, నదితోనూ, భూదేవితోనూ పోల్చి ఊరుకోబెట్టే అలవాటు మనవాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది. నాకది కిట్టదు. అత్తయ్యగారు మడచెట్టు కాదు. మడచెట్టుకి మనం మెచ్చుకున్నా తిట్టినా ఒకటే. ఉప్పెన వచ్చినా అది మన కోసం అడ్డం నిలబడదు, తన వేళ్ళ మీద తాను నిలబడుతుంది. ఆ మాత్రానికే మన ఊరు దాని చాటున బతుకుతుంది. మనిషి అలా కాదు. తన అవసరం ఎవరికో ఉందని తెలిస్తే తప్ప ముద్ద దిగని మనుషులున్నారు. ఆ ఆశని మాయ అని కొట్టిపారేసే వేదాంతం నా వల్ల కాదు. ఒకరికి తిండి పెట్టి తృప్తిపడ్డ చేతులకి ఆ తృప్తి నిజమైనదే. కానీ ఇష్టంగా అక్కరకు రావడం వేరు, అక్కరకు వస్తేనే చోటిస్తామన్న షరతు వేరు. పైకి రెండూ ఒకలాగే కనబడతాయి. ఎనభై ఏళ్ళొచ్చాకనే తేడా తెలుస్తుంది.

ఇంతకీ ఆ నడక సంగతి. కాస్త దూరం వెళ్ళాక అత్తయ్యగారు కాళ్ళు లాగుతున్నాయని ఆగారు. కింద బురదలో చిన్న పీతలు. మగపీతకి ఒక డెక్క ఒంటిని మించి పెద్దదిగా ఉంటుంది, దాన్ని ఎత్తి దించుతూ ఉంటుంది, ఎవరినో పిలుస్తున్నట్టు. పక్కన చేపలే, కానీ నేల మీద గెంతుతున్నాయి. ఆవిడ చెక్క కమ్మీ పట్టుకుని వంగి చూస్తూ ఉండిపోయారు. పీత కూరకి పనికొస్తుందా అని అడుగుతారేమో అనుకున్నాను (మా ఇంట్లో నీచు వండరు, అయినా అలవాటు కొద్దీ). అడగలేదు. పావుగంట దాకా ఏమీ అడగలేదు. మా పెళ్ళయిన ముప్పయ్యారేళ్ళలో ఆవిడ చేతిలో పని లేకుండా, నోట ప్రశ్న లేకుండా అంతసేపు నిలబడగా నేను చూసింది అదే మొదలు. నేనూ మాట్లాడలేదు. ఎక్కడో నీళ్ళు మెల్లిగా వెనక్కి తగ్గుతున్న చప్పుడు.

కారెక్కాక మావారు, "ఏం చూశారే అమ్మా?" అన్నారు.

"పీతని."

"ఏం చేసింది?"

"ఏమో నాయనా, దాని గొడవ దానిది," అన్నారావిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

దాంతో ఆవిడ మారిపోయారని అనుకునేరు. మర్నాడు పొద్దున్నే పత్తి ముందేసుకున్నారు. కాకపోతే ఈసారి ప్రతి పౌర్ణమికీ కొరంగి వెడదామంటున్నారు, వెన్నెట్లో ఆ పీతలేం చేస్తాయో చూడాలిట. రాత్రిళ్ళు అక్కడికి వెళ్ళనివ్వరండీ అని చెప్పినా వినడంలేదు. వత్తులు మొన్న లెక్కపెట్టాం. కార్తీక పౌర్ణమి నాడు వెలిగించే 365 వత్తుల కట్టలు పదకొండు తేలాయి. ఇంటికి ఒకటుంచుకుని మిగతావి వీధిలో వాళ్ళకి పంచమన్నారు. ఎవరికీ అక్కర్లేకపోతే తిరిగి తెచ్చెయ్యమన్నారు, తను చేసుకున్నవి కనక తనకి చూసుకోవడానికి బాగుంటాయిట.