పోలిక వేరు, గుర్తింపు వేరు

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమని మన పెద్దలు చెప్పారు. అయితే కంటికి కనిపించినదంతా సత్యమని మాత్రం వారు అంగీకరించలేదు. మసక వెలుతురులో తాడును చూచి పామని భ్రమపడే దృష్టాంతాన్ని వేదాంతులు పదే పదే ప్రస్తావించడానికి కారణం ఇదే. న్యాయదర్శనం ప్రత్యక్షాన్ని ప్రమాణంగా స్వీకరిస్తూనే, ఆ జ్ఞానం భ్రాంతి లేనిదిగా, నిశ్చయాత్మకంగా ఉండాలని నియమం విధించింది. చూడడమంటే ఏమిటి, చూచినదానిని ఎప్పుడు విశ్వసించాలి అన్న ఈ ప్రాచీన ప్రశ్న మన కాలంలో శాస్త్రజ్ఞుల సదస్సులకు చేరింది.

కంప్యూటర్ దృష్టి, గ్రాఫిక్స్, ఇమేజ్ ప్రాసెసింగ్ రంగాలకు సంబంధించిన భారతీయ సదస్సుల పరంపర 1998 డిసెంబరులో న్యూఢిల్లీలో ప్రారంభమైంది. తొలి రెండు దశాబ్దాలలో రెండేళ్ళకొకసారి ఒక్కొక్క నగరంలో జరుగుతూ, 2018లో అది హైదరాబాదుకు వచ్చింది. యంత్రానికి చూపునూ వినికిడినీ ప్రసాదించే ప్రయత్నంలో తెలుగువారి పాత్ర చిన్నదేమీ కాదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో జన్మించిన రాజ్ రెడ్డి, కృత్రిమ మేధ రంగంలో చేసిన కృషికి గాను 1994 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఈ విద్య మనకు పరాయిది కానప్పుడు, దాని మంచిచెడ్డల విచారణ కూడా మన బాధ్యతే అవుతుంది.

ముందుగా యంత్రం ఎలా చూస్తుందో తెలుసుకోవాలి. కంప్యూటరుకు చిత్రమంటే అంకెల పట్టిక. సాధారణమైన నలుపు తెలుపు చిత్రంలో ఒక్కొక్క బిందువు వెలుగును 0 నుండి 255 వరకు గల ఒక సంఖ్య సూచిస్తుంది. ఈ పట్టిక నుండి ముఖ లక్షణాలను గ్రహించి, యంత్రం వాటిని మరొక సంఖ్యల వరుసగా కుదిస్తుంది. రెండు ముఖాల వరుసల మధ్య దూరం తగ్గిన కొద్దీ పోలిక హెచ్చిందని లెక్క. "ఇంత పోలిక ఉన్నది" అని చెప్పడంతో యంత్రం పని ముగుస్తుంది. ఎంత పోలిక ఉంటే ఇద్దరూ ఒకరే అనుకోవాలన్న హద్దును గీసేవాడు మనిషి. ఆ హద్దును సడలిస్తే ఏ సంబంధమూ లేనివారు చిక్కుకుంటారు; బిగిస్తే వెతుకుతున్నవారు తప్పిపోతారు. ఈ రెండింటిలో ఏ పొరపాటును సహించాలి, ఆ నష్టం ఎవరిపై పడాలి అన్నది గణితం తేల్చగల విషయం కాదు.

ఇందుకు ఢిల్లీ అనుభవమే నిదర్శనం. తప్పిపోయిన పిల్లల జాడ తీయడానికి ఢిల్లీ పోలీసులు 2018లో ముఖ గుర్తింపు వ్యవస్థను వినియోగించారు. ప్రయోగాత్మకంగా నడిపిన కొద్ది రోజులలోనే దాదాపు 3,000 మంది బాలల ఆచూకీ లభించిందని ఆ ఏడాది ఏప్రిల్‌లో వార్తలు వచ్చాయి. ఆగస్టు వచ్చేసరికి, ఆ వ్యవస్థ కచ్చితత్వం 2 శాతం మాత్రమేనని పోలీసులే ఢిల్లీ హైకోర్టుకు తెలిపారు. కచ్చితత్వం 1 శాతం కూడా లేదనీ, బాలురకూ బాలికలకూ గల భేదాన్ని సైతం అది గ్రహించలేకపోతున్నదనీ 2019లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అదే న్యాయస్థానానికి విన్నవించింది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లికి నూటికి ఒక్క అవకాశమైనా అపురూపమే. అక్కడ యంత్రం పొరబడినా, సరిచూచే అధికారి ఉన్నంతవరకు, నష్టం ఒక వృథా ప్రయాణంతో పోతుంది. అదే సాధనం అనుమానితుల అన్వేషణకు మళ్ళినప్పుడు మాత్రం పొరపాటుకు మూల్యం చెల్లించేవాడు మారిపోతాడు. 80 శాతం మించి పోలిక ఉన్న ఫలితాలను సరైనవిగా పరిగణిస్తామని, అంతకు తగ్గినవాటికి బలపరచే సాక్ష్యం అవసరమని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు చట్టం కింద ఇచ్చిన సమాధానంలో పేర్కొన్నారు. 79కీ 81కీ నడుమ ఒక మనిషి స్వేచ్ఛ తలకిందులు కాదగినంత భేదం ఏమున్నది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ఎవరు?

పైగా యంత్రం పొరపాట్లు అందరిమీద సమానంగా పడవు. ముఖాన్ని చూచి స్త్రీయో పురుషుడో చెప్పే వాణిజ్య వ్యవస్థలను జాయ్ బులమ్వీని, తిమ్నిత్ గెబ్రూ 2018లో పరీక్షించారు. తెల్లని ఛాయగల పురుషుల విషయంలో ఆ వ్యవస్థల దోషం 0.8 శాతం మించలేదు. నల్లని ఛాయగల స్త్రీల విషయంలో అది 34.7 శాతం దాకా పోయింది. ఎవరి ముఖాలను ఎక్కువగా చూపి నేర్పితే వారినే యంత్రం బాగా చూస్తుంది.

ఈ సందర్భంలో కాళిదాసు శాకుంతలం స్మరణకు వస్తుంది. దుష్యంతుడు ఎదుట నిలిచిన శకుంతలను కన్నులారా చూచాడు, గుర్తించలేదు. ఉంగరం దొరికిన జాలరి సంగతి మరీ ఆలోచించదగినది. రాజముద్రిక అతని చేతిలో ఉన్నది గనుక దొంగ అతడేనని భటులు నిశ్చయించుకున్నారు. అతని కులవృత్తిని ఎగతాళి చేశారు. చంపడానికి సైతం ఉవ్విళ్ళూరారు. అతడు బ్రతికి బయటపడ్డాడంటే, పై అధికారి అతని మాట విని, ఉంగరాన్ని రాజుకు చూపి వచ్చేవరకు ఆగమన్నందువల్లనే. ఉంగరం ఒక ఆనవాలు మాత్రమే. ఆనవాలును చూచి "ఇది నాది, నేను మరచితిని" అని ఒప్పుకునే మనిషి ఉన్నప్పుడే అది గుర్తింపుగా మారింది.

మనిషి కన్ను మాత్రం పొరబడదా అని కొందరు ప్రశ్నించవచ్చు. నిశ్చయంగా పొరబడుతుంది. యంత్రానికి అలసట లేదు, వ్యక్తిగత పగ లేదు. అనేక సందర్భాలలో అది మనకంటె మెరుగుగా పోల్చగలదు. అయితే కంటితో చూచిన సాక్షిని బోనులో నిలబెట్టి, ఎంత దూరం నుండి చూచావు, ఏ వెలుతురులో చూచావు అని అడగవచ్చు. తప్పని తేలినప్పుడు అతడు సిగ్గుపడతాడు, అవసరమైతే శిక్ష అనుభవిస్తాడు. సంఖ్యల వరుసను అలా నిలదీయలేము. అందువల్ల యంత్రం చెప్పిన మాటకు పూచీ వహించే మనిషి ఒకడు ఉండి తీరాలి.

కనుక సదస్సులో కచ్చితత్వపు శాతాన్ని ప్రకటించే పరిశోధకుడు అది ఎవరి ముఖాలపై వచ్చిన శాతమో కూడా చెప్పాలి. కార్యాలయంలో ఆ ఫలితాన్ని అందుకునే అధికారి, "యంత్రం గుర్తించినది" అని వ్రాసిన కాగితంపై "నేను స్వయంగా సరిచూచాను" అని వ్రాసి సంతకం చేయగలగాలి. అటువంటి సంతకం లేని పోలికను పట్టుకొని ఏ పౌరుని తలుపూ తట్టరాదు.