మాట ఉన్నవాళ్లు చెయ్యెత్తితే

చట్టసభలో చేయి చేసుకున్న నాయకుణ్ణి "మన కోసమే కదా" అని మెచ్చుకోవచ్చా? తిరువూరు వాళ్లమైన మాకు ఇది దూరపు ప్రశ్న కాదు. మా ఊరు విజయవాడ లోక్‌సభ స్థానంలో ఉంది. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు పెట్టినప్పుడు సభలో పెప్పర్ స్ప్రే కొట్టింది అప్పటి మా ఎంపీ లగడపాటి రాజగోపాలే. ఆత్మరక్షణకే కొట్టానన్నారు. కొందరు సభ్యులను ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన సస్పెండయ్యారు. 18న బిల్లు నెగ్గినప్పుడు అవుననడానికో కాదనడానికో మా గొంతు సభలో లేదు.

మరి ఆయుధం పట్టిన కొమురం భీంను ఆదివాసులం ఎందుకు తలుచుకుంటాం? 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీంకు నిజాం పాలనలో ఓటూ లేదు, సభలో కుర్చీ లేదు. ఎంపీకి కుర్చీ, మైకు, ఓటు మూడూ ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

రాజ్యాంగంలోని 105వ అధికరణ సభ్యుడి మాటకు, ఓటుకు రక్షణ ఇచ్చింది, దెబ్బకు కాదు. 2015లో కేరళ అసెంబ్లీలో సామాను పగలగొట్టిన ఎమ్మెల్యేల కేసులో 2021లో సుప్రీంకోర్టు కూడా సభాహక్కు విధ్వంసానికి వర్తించదని చెప్పింది.

మైకు కట్ చేస్తే ఏం చేయాలంటారా? బయటికొచ్చి మా మధ్య నిలబడి మాట్లాడాలి.

ఈసారి ఓటడగడానికి వచ్చినవాళ్లను, ఎ.కొండూరు తండాల్లోని కిడ్నీ జబ్బు గురించి సభలో ఎన్నిసార్లు మాట్లాడారో అడుగుదాం.