కోర్టు చౌరస్తాలో కల్నల్

హైదరాబాద్–విజయవాడ దారిలో సూర్యాపేట అనగానే చాలామందికి టీ గుర్తొస్తుంది. ఈసారి ఊళ్లోకి, కోర్టు చౌరస్తా దాకా వెళ్లండి. అక్కడ కల్నల్ సంతోష్ బాబు కాంస్య విగ్రహం ఉంది. ఆ ఊరి బిడ్డే. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 16 బిహార్ రెజిమెంట్‌కు కమాండింగ్ ఆఫీసరయ్యారు. 2020 జూన్ 15 రాత్రి, ఎముకలు కొరికే చలిలో, లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలు పట్టిన చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది మనవాళ్లు అమరులయ్యారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఘర్షణ జరిగిన సరిగ్గా ఏడాదికి విగ్రహం వెలిసింది. ఆటోల రొద మధ్య, నలుగురూ తిరిగేచోట నిలబెట్టడం నాకు నచ్చింది. వర్ధంతికి దండలు ఎలాగూ పడతాయి. అటు వెళ్లినప్పుడు బండి ఆపి, మీ పిల్లలకు ఆయన కథ చెప్పండి.